జిలేబి చేపల పటేలు

తన గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే లక్ష్మీకాంత్ అందులో మూడింటిని అక్కడికక్కడే కొట్టిపారేసేవాడు. "అరవై తొమ్మిదిల జైలుకు పోయొచ్చిన మనిషి" అని ఎవరో పరిచయం చేస్తారు. "పోయింది నిజమే. మిర్చి బజ్జీల కోసం పోయిన" అంటాడు ఆయన.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో వరంగల్‌లో కాలేజీలు మూతపడ్డాయి. లక్ష్మీకాంత్‌కు అప్పుడు ఇరవయ్యేళ్లు. బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతూ, పని లేక జనగామలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాడు. ఒక సాయంత్రం స్టేషన్ దగ్గరి బండి మీద బజ్జీలు కట్టించుకుంటుండగా విద్యార్థులు పట్టాల మీద కూర్చున్నారు, పోలీసులు దిగారు. అందరూ పరుగెత్తారు. బజ్జీలు మరీ వేడిగా ఉండి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ ఈయన ఒక్కడే నిలబడిపోయాడు. పదకొండు రోజులు జైల్లో ఉండి, కురవి దగ్గరి సొంత ఊరికి వస్తే డప్పులు కొట్టి దండ వేశారు. నిజం చెబుదామని నోరు తెరిచాడు గానీ, ఎదురుగా తండ్రి ఛాతీ ఉప్పొంగి ఉంది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

నిజం బయటపెట్టింది భార్య శశికళ. ఆమెది జనగామే. పెళ్లయిన వారానికే నిండింట్లో చెప్పేసింది.

"ఆ బజ్జీల బండి మా గల్లీలదే. గా పొద్దు పోలీసోళ్లు బండి తన్నేస్తె గాయన మూడు దినాలు మా అరుగు మీద కూసొని మొత్తుకున్నడు. బజ్జీలు పట్టుకొని నిలవడ్డ పిలగాడెవరో గని వాణ్ని గూడ పట్కపోయిండ్రు పాపం అని సెప్పిండు. గా పాపం మీరేనా?"

ఉద్యమం చల్లారాక పెట్టిన పరీక్షల్లో లక్ష్మీకాంత్ తప్పాడు, అదీ జంతుశాస్త్రంలో. చేప గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. ఆయన గీసిన బొమ్మ చూసి పక్క బెంచీవాడు మామిడికాయ అనుకున్నాడట. మళ్లీ రాస్తే మళ్లీ తప్పాడు. చదువు అక్కడితో ముగిసింది.

పంపకాల్లో అన్నకు మంచి పొలం పోయింది. ఈయనకు చెరువు కట్ట కింది మూడెకరాల జాలు భూమి వచ్చింది. ఏడాది పొడవునా అడుగు నుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వరి వేస్తే వేరు కుళ్లుతుంది. కంది వేస్తే మొలకే రాదు. ఐదేళ్లు అందులో విత్తనాలు పోసి పోసి, ఆరో ఏడు ఊరికే గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

డెబ్బై ఆరులో ఒకనాడు మహబూబాబాద్ స్టేషన్లో బండి కోసం ఎదురుచూస్తుంటే, ప్లాట్‌ఫారం మీద నలుగురు మనుషులు అల్యూమినియం హండీల ముందు కూర్చుని అరచేతులతో నీళ్లను చప్పచప్ప కొడుతున్నారు. ఏమిటని అడిగాడు. చెరువులో వేయడానికి చేపపిల్లలను ఎక్కడో గోదావరి అవతల నుంచి తెస్తున్నారట. నీళ్లను అలా కొడుతూ ఉండకపోతే గాలాడక చస్తాయట. రాత్రి నుంచి కొడుతూనే ఉన్నా సగం పోయాయట. లక్ష్మీకాంత్‌కు కళ్ల ముందు తన జాలు భూమి కనబడింది. నీళ్లకేం కొదవ? ఇక్కడే పిల్లల్ని తీస్తే ఇంత దూరం మోసుకొచ్చే బాధ ఉండదు కదా!

ఆలోచన మంచిదే. చెడింది చేపను ఎంచుకోవడంలో. రవ్వ, బొచ్చె లాంటి పెద్ద జాతులు నిలిచిన నీళ్లలో తమంతట తాము గుడ్లు పెట్టవు, మందు పొడవాలి. సూది అంటే లక్ష్మీకాంత్‌కు చిన్నప్పటి నుంచీ దడ. ఒక పాత కరపత్రంలో తిలాపియా అనే చేప గురించి చదివాడు. సూది అక్కర్లేదు, ఏ మడుగులోనైనా పెడుతుంది, పైగా తల్లి గుడ్లను నోట్లో దాచుకొని పిల్లలయ్యేదాకా కాపాడుతుంది. జనం దాన్ని జిలేబి చేప అంటారని తెలిశాక ఆయన మనసు పూర్తిగా అటే ఒరిగింది. చేపల శాఖలో ఒక ఇన్‌స్పెక్టరు, "అది చెరువులల్ల పడితె మిగితా చేపలకు మేత మిగలనియ్యదయ్యా, జోలికి పోకు" అని చెప్పాడు. రెండుసార్లు పరీక్ష తప్పిన అనుభవంతో లక్ష్మీకాంత్ ఆ మాటను తోసిపుచ్చాడు.

పెద్ద గుంట ఒకటి తవ్వించి, నలభై జిలేబి చేపలు తెచ్చి వదిలాడు. మూడు నెలలకు గుంటలో చెయ్యి పెడితే పిల్లలు వేళ్లను ఒరుసుకొని పోయేవి. ఆరు నెలలకు నీళ్లకంటే చేపలే ఎక్కువున్నట్టు కనబడింది. ఆయన ఆనందం పట్టలేక గట్టు మీద "శ్రీ వీరభద్ర మత్స్య విత్తన క్షేత్రం" అని బోర్డు రాయించాడు. పక్క ఊరి చేపల సంఘం అధ్యక్షుడు సోమనర్సయ్య వచ్చి తమ కుంట కోసం ఐదువేల పిల్లలు తీసుకుపోయాడు. మొదటి గిరాకీ అని లక్ష్మీకాంత్ ఇంకో ఐదువందలు ఊరికే పోశాడు.

ఏడాది తర్వాత, ఒక పొద్దున, సోమనర్సయ్య పది మందితో మళ్లీ వచ్చాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన గంపను వాకిట్లో బోర్లించారు. నేలంతా చేపలు. ఒక్కటీ వేలును మించి లేదు.

"ఏంది పటేలా ఇది?" అన్నాడు సోమనర్సయ్య. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది లక్ష్మీకాంత్‌కు. "ఏడాది కావలి గాసినం. ఎండకాలం కుంట ఎండంగనె అందరం వలలు వట్కొని దిగినం. గివి ఎల్లినయి. పిల్లలే పిల్లలు. గంపలకు గంపలు పిల్లలు! వీటిని ఎవరు తింటరు? ముల్లు తియ్యాల్నంటె సూదికొన కావాలె."

"మేత సరిగ్గ వెయ్యలేదేమో..."

"మేత ఏసినం, పేడ ఏసినం. మీరిచ్చిన ఐదువేలకు ఐదు లక్షలయినయి. ఒక్కటి పెద్దగ కాలె."

లక్ష్మీకాంత్ కరపత్రంలో చదివిన సంగతులు కొన్ని చెప్పబోయాడు. అంతలో గుంపు వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. తలమీద ఖాళీ తట్టతో పోశమ్మ నిలబడి ఉంది. నలభై ఐదేళ్ల మనిషి, పుట్టినప్పటి నుంచి చేపల మధ్యే బతికింది, కురవి అంగట్లో చేపలు అమ్ముతుంది. చిన్న చేపలు ఎండబెట్టుకుంటే పనికొస్తాయని ఏరుకోవడానికి వచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?" అన్నాడు లక్ష్మీకాంత్, నిందించడానికి ఎవరో ఒకరు దొరికారన్న ఊరటతో.

"నవ్వక ఏంజేయాలె పటేలా! ఆడోళ్లను మొగోళ్లను ఒక్క ఇంట్ల పెట్టి, నెల నెల పిల్లలెందుకైతున్నరని పంచాయితి వెడ్తున్నరు."

పది మందీ నవ్వారు. సోమనర్సయ్య కూడా నవ్వాపుకోలేకపోయాడు. వంటింటి గడప దగ్గర శశికళ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం లక్ష్మీకాంత్ చూశాడు.

పోశమ్మ వంగి కుప్పలోంచి ఒక చేపను తీసి అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టింది. "ఇగో, ఆడది. కడుపునిండ పిల్లల కతే దీనికి. నోట్లె గుడ్లు వెట్టుకున్నన్ని దినాలు బుక్కెడు తిండి తినదు. ఎట్ల పెరుగుతది? దీన్ని పక్కకు తీసి మొగయి ఒక్కటే వెడితె అవి తింటయి, పెరుగుతయి. మా నాయిన మడుగుల గట్లనే సూసిండు."

"మరి ఇది ఆడదని నీకెట్ల తెలిసింది?"

ఆమె ఆయన వైపు జాలిగా చూసింది. "సూస్తె తెలుస్తది" అంది.

ఆ రోజు లక్ష్మీకాంత్ సోమనర్సయ్యకు ఒక మాట ఇచ్చాడు. వానలు పడి కుంట నిండేసరికి రెండువేల పిల్లలు ఇస్తానని, అన్నీ మగవే ఇస్తానని. ఇవ్వలేకపోతే బోర్డు పీకి పారేస్తానని కూడా అన్నాడు. బోర్డు పీకడం పెద్ద త్యాగమేమీ కాదని, దాన్ని అప్పటికే చెదలు సగం తిన్నాయని తర్వాత గుర్తొచ్చింది.

పోశమ్మను పనికి పిలిచాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. గుంట చుట్టూ రెండుసార్లు తిరిగి, నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, "గిండ్ల ఉన్నయన్ని తియ్యాలె. ఎండవెట్టాలె" అంది. నీళ్లు తోడించారు. బురద మాత్రం మిగిలింది, అయిపోయిందనుకొని లక్ష్మీకాంత్ ఇంటి దారి పట్టాడు. ఆమె వెనక్కి పిలిచింది. బురదలో ఆయన కాలి ముద్రలున్నాయి. ఒక్కో ముద్రలో చారెడు నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లలో పదేసి చేపపిల్లలు తిరుగుతున్నాయి.

"గివి ఉంటె సాలు, మల్ల మొదటికొస్తది" అంది. నేల పగుళ్లు తేలేదాకా ఎండలో వదిలేశారు. గడపలో నిలబడి వేడుక చూడటమే తప్ప ఫారం వైపు రాని శశికళ ఆ రోజు వచ్చి చూసింది. "ఇన్నేండ్లల్ల మీ అడుగు పడ్డ కాడ ఏదన్న పెరిగిందంటె గిదే" అంది.

ఒక్క గుంట ఐదు గుంటలైంది. ఒకటి ముందే ఏరి ఉంచిన తల్లిచేపలకు, ఒక్కో పోతుకు మూడు పెంటుల లెక్కన. రెండు గుంటలు నోట్లోంచి అప్పుడే బయటపడ్డ పసిపిల్లలకు. మిగతా రెండు, అవి వేలంతయ్యేదాకా పెంచడానికి. ఒకనాటి పిల్లలను ఇంకోనాటి పిల్లలతో కలపనిచ్చేది కాదు పోశమ్మ. పెద్దవి చిన్నవాటిని మింగుతాయట. బయటి చేపలు చొరబడకుండా, నీళ్లు వచ్చే కాలువ నోటికి శశికళ పాత చీరను నాలుగు మడతలు పెట్టి కట్టించింది. అది నచ్చిన చీర కావడంతో శశికళ నాలుగు రోజులు మాట్లాడలేదు. తౌడు, పల్లిచెక్క పొడి రోజూ ఒకే చోట, ఒకే వేళకు వేయాలి. వేసిన తట్టలో గంట తర్వాత మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. లక్ష్మీకాంత్ ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వారం తిరిగేసరికి పుస్తకం గుంటలో పడింది.

అసలు పరీక్ష ఏరేటప్పుడు వచ్చింది. రెండు తులాల బరువుకు వచ్చిన పిల్లలను ఒక్కొక్కటిగా పట్టుకొని, పొట్ట తిప్పి, తోక మొదట ఉన్న చిన్న బొడిపెను చూసి, ఆడా మగా తేల్చాలి. కనబడకపోతే బట్టలకు వేసే నీలిమందు చుక్క వేలితో రాస్తే ఆడదానికి అడ్డంగా సన్నటి గీత తేలుతుంది. ఇది పోశమ్మ కనిపెట్టింది కాదు, శశికళ. బట్టలు ఉతుకుతూ నీలి చేతులతో ఒక చేపను పట్టుకొని, "గీ గీత ఏంది?" అని అడిగింది. పోశమ్మ ఆ చేతిని పట్టుకొని, చేపను కళ్లకు దగ్గరగా తెచ్చుకొని, "అమ్మో, పటేలమ్మ ఎప్పుడో రావాల్సుండె" అంది.

లక్ష్మీకాంత్ ఇదంతా సైన్సు కాబట్టి తన పని అని కూర్చున్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రోజంతా వంగి మూడువందల చేపలు ఏరి, మగవన్నీ ఒక తొట్టిలో వేసి, నడుం పట్టుకొని లేచాడు. పోశమ్మ ఆ తొట్టి ముందు కూర్చుని, ఒక్కోదాన్ని తిప్పి చూస్తూ కొన్నింటిని పక్క తట్టలో వేసింది. తట్ట నిండుతుంటే లక్ష్మీకాంత్ ముఖం చిన్నబోతోంది.

"అరవై నాలుగు ఆడయి" అంది చివరికి. "పటేలా, మీరెన్నేండ్లు సదివిండ్రు?"

"పద్నాలుగు. తప్పినయి గూడ కలిపితె పదహారు."

"గదే. సదువు ఎక్కువైతె బొడిపె కనవడదు కావచ్చు."

అప్పటి నుంచి ఏరడం పోశమ్మ పని, నీలిమందు శశికళ పని. లక్ష్మీకాంత్ బకెట్లలో నీళ్లు మార్చాడు. అలా మార్చడంలో ఒక చక్కటి సంగతి తెలుసుకున్నాడు. ఆయన పట్టించుకోకపోతేనే పనులు సవ్యంగా జరుగుతున్నాయి. ఏరి తీసేసిన ఆడచేపలను పోశమ్మ కురవి అంగట్లో అమ్ముకునేది. రెండువేల మగపిల్లలు సోమనర్సయ్య కుంటకు వెళ్లాయి.

అవి వెళ్లేముందు పోశమ్మ ఒక షరతు పెట్టింది. కూలి గురించి ఏమీ అనలేదు. "నేను వద్దన్న దినం పిల్లలు అమ్మొద్దు. ఎవరొచ్చినా సరె" అంది. లక్ష్మీకాంత్ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మాటలో నిలబడటం ఎంత కష్టమో ఆయనకు ఇంకా తెలియదు.

తర్వాతి వేసవిలో సోమనర్సయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి గంప తనే మోసుకొచ్చాడు. అందులో ఐదు చేపలున్నాయి. ఒక్కోటి అరచెయ్యి దాటి, పావుకిలో తూగేలా ఉంది. "కుంటల అన్నీ గిట్లనే ఎల్లినయి పటేలా. ఇవి మీ ఇంట్ల వండుకోండ్రి" అన్నాడు. లక్ష్మీకాంత్ ఆ ఐదింటినీ నేరుగా పోశమ్మ ఇంటికి పంపాడు. ఆమె రెండు తీసుకొని మూడు తిప్పి పంపింది.

ఆ మీదట ఆయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. వేసవిలో ఎండిపోయే కుంటలకు మాత్రమే జిలేబి పిల్లలు, అవీ మగవి మాత్రమే. పెద్ద చెరువులకు అడిగితే లేవని చెప్పేవాడు. ఒకప్పుడు వద్దన్న ఇన్‌స్పెక్టరు ఈ సంగతి విని వచ్చి చూశాడు. అప్పుడే తన మాట వినుంటే రెండేళ్లు మిగిలేవి కదా అన్నాడు. "మిగిలేవి సార్, గని గప్పుడు నేను చాన తెలివిగలోణ్ని" అన్నాడు లక్ష్మీకాంత్.

ఎనభై మూడులో, పంద్రాగస్టుకు రెండు రోజుల ముందు, భూపాలపల్లి అవతలి ఊరి నుంచి కట్టయ్య అనే మనిషి జీపులో వచ్చాడు. వాళ్ల ఊళ్లో కొత్తగా సంఘం పెట్టుకున్నారు. పదిహేనున జెండా ఎగరేసిన తర్వాత పంచాయతీ సమితి అధ్యక్షుడి చేతుల మీదుగా కుంటలో మూడువేల పిల్లలు వదలాలి. ఆహ్వానపత్రాల మీద పేర్లు అచ్చేశారు. పత్రికల వాళ్లు కూడా వస్తారు.

"పేపరోళ్లా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఫోటోలు గూడ తీస్తరు. వేదిక మీద మీకు కుర్సీ."

పోశమ్మ గట్టు మీద నుంచే వింది. "కాదు. గివి పొద్దుగాలనే తౌడు తిన్నయి. రెండు దినాలు నీళ్లు తప్ప ఏమి వెట్టకుంట కడుపు కడగాలె. నిండు కడుపుతోని డ్రమ్ముల పోస్తె తొవ్వల ఏరుగుతయి, ఆ నీళ్లల్లనే సస్తయి. నాలుగు దినాలాగి రమ్మను."

"పంద్రాగస్టు నాలుగు దినాలాగుతదా అవ్వా?" అన్నాడు లక్ష్మీకాంత్. ఆమెను అవ్వా అనడం అదే మొదలు, ఏదో కావలసి వచ్చి అన్నాడు.

"మీ ఇష్టం. నేనైతె వద్దన్న" అని ఆమె కాళ్లు కడుక్కొని ఇంటికి వెళ్లిపోయింది.

షరతు ఆయనకు గుర్తుంది. కుర్చీ కూడా గుర్తుంది. ఒక్క రోజు పస్తు పెట్టి, పదిహేనున తెల్లవారుతుండగా ఆరు డ్రమ్ముల్లో పిల్లల్ని నింపి, తెల్ల చొక్కా వేసుకొని జీపెక్కాడు. వాన వెలిసి ఎండ చురుక్కుమంటోంది, గాలి లేదు, ఒకటే ఉక్క. పరకాల దాటాక టైరు పంక్చరైంది. సరిచేసేసరికి గంటన్నర పట్టింది. లక్ష్మీకాంత్ ఒక డ్రమ్ము మూత తీసి చూశాడు. వాసన కొట్టింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రోడ్డు పక్క మడుగులోంచి చొక్కా తడుపుకుంటూ నీళ్లు తెచ్చి పోశాడు. మహబూబాబాద్ ప్లాట్‌ఫారం మీద చూసినట్టే, మిగిలిన దారంతా డ్రమ్ముల మీద వంగి అరచేతులతో నీళ్లు కొడుతూ కూర్చున్నాడు.

కుంట గట్టు మీద షామియానా, సన్నాయి, ఊరంతా. అధ్యక్షుడు ఉపన్యాసం ముగించి, పూలు చుట్టిన బిందె పైకెత్తి పిల్లల్ని నీళ్లలోకి వంచాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొద్దికొద్దిగా ఆగిపోయాయి. నీళ్ల మీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, వందలు. సన్నాయి వాయించేవాడు అటు తిరిగి ఉండటంతో అతనొక్కడే ఆపలేదు.

లక్ష్మీకాంత్ కుర్చీలోంచి లేచి, చెప్పులతో సహా, నడుం లోతు నీళ్లలోకి దిగిపోయాడు. దిగాక దేనికి దిగానా అనుకున్నాడు. చచ్చినవాటిని దోసిళ్లతో ఎత్తి చొక్కా ఒడిలో వేసుకోసాగాడు. కెమెరా రెండుసార్లు క్లిక్కుమంది.

"ఏమైందయ్యా?" అన్నాడు అధ్యక్షుడు గట్టు మీది నుంచి.

ఎండ అనో, పంక్చరనో, నీళ్లు పడలేదనో చెప్పొచ్చు. మూడు సాకులూ నాలుక మీదికి వచ్చాయి కూడా. కానీ ఒడినిండా చచ్చిన పిల్లలున్నాయి, చేపల వాసన ముక్కు దాకా వచ్చింది. "తప్పు నాది సార్. మా పోశవ్వ ఇయ్యాల వద్దన్నది. వేదిక మీద కుర్సీ ఉంటదంటె ఆశపడ్డ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకు కష్టంగా తోచింది.

మూడువేలలో బతికినవి నాలుగువందలు.

మర్నాడు పొద్దున పత్రికలో ఫోటో వచ్చింది. నీళ్లలో నిలబడి, దోసిలి పట్టుకొని, తల వంచుకొని, ముఖం మీద భక్తిలాంటిదేదో ఉట్టిపడుతూ. కింద అక్షరాలు: "చేపపిల్లలను ప్రేమతో స్వయంగా కుంటలోకి వదులుతున్న ఆదర్శ రైతు." లక్ష్మీకాంత్ ఆ పేపరు తీసుకొని పోశమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమెకు చదువు రాదు. రాసింది ఉన్నదున్నట్టు చదివాడు. తర్వాత జరిగింది చెప్పాడు, ఏమీ దాచకుండా, వాసనతో సహా.

ఆమె చాలాసేపు ఫోటో చూసింది. "చచ్చినయి ఏరుకుంటున్నరా గిండ్ల?"

"ఔ."

"నాకు సమజైంది. బతికిన చేపను గట్ల ఎవరు వట్టరు" అంది. కోపంగా ఉంటుందనుకున్నాడు. ఆమె పేపరు మడిచి పక్కన పెట్టింది. "మీ పిల్లలు గావు కాబట్టి మీకు నొయ్యలె. గవి గుడ్లుగ ఉన్నప్పటి సంది సూసింది నేను."

లక్ష్మీకాంత్‌కు నలుగురిలో తనను తాను వెక్కిరించుకోవడం బాగా అలవాటు. ఆ మాటకు మాత్రం వెక్కిరింత దొరకలేదు. "మల్ల పోదామా అవ్వా? నువ్వు చెప్పినట్టె" అని అడిగాడు.

"పోదాం. కడుపు కడిగినంక."

తొమ్మిది రోజుల తర్వాత ఇద్దరూ వెళ్లారు. పిల్లలకు రెండు రోజులు మేత లేదు. హండీలు సగమే నింపారు. చల్లటి వేళ బయలుదేరి పరకాల దగ్గర ఒక బావి చూసుకొని నీళ్లు మార్చారు. కుంట దగ్గర షామియానా లేదు, సన్నాయి లేదు. కట్టయ్య, బర్లు కాసే ఇద్దరు మనుషులు ఉన్నారు. పోశమ్మ ముందు కుంట నీళ్లు కొద్దికొద్దిగా హండీలో పోసి, పిల్లలకు ఆ నీళ్లు అలవాటయ్యేదాకా ఆగింది. హండీని పక్కకు వంచితే పిల్లలు తమంతట తామే బయటికి ఈది, క్షణంలో కనబడకుండా పోయాయి.

"అయిపోయిందా?" అన్నాడు కట్టయ్య, ఏదో తక్కువైనట్టు.

"మంచిగ అయితె గింతనే ఉంటది" అంది పోశమ్మ.

మార్చిలో ఆ కుంట ఎండినప్పుడు ఊరంతా చేపలు వండుకున్నారని కబురొచ్చింది. ఆ తర్వాతి ఏడు భూపాలపల్లి వైపు నుంచే ఆరు ఊళ్ల వాళ్లు వచ్చారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి, మహబూబాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఫారం దగ్గరికి వచ్చి, "పటేలున్నడా?" అని అడిగేవారు కాదు. "పోశవ్వ ఇయ్యాల ఇయ్యమంటదా?" అని అడిగేవారు. వద్దంటే మారు మాట్లాడకుండా వెళ్లిపోయేవారు.

చెదలు తిన్న బోర్డు స్థానంలో శశికళ కొత్త బోర్డు రాయించింది. పేరు మార్చలేదు గానీ కింద ఇంకో వరుస చేర్చింది: "పిల్లలు పస్తున్న దినమే ఇవ్వబడును." దారిన పోయేవాళ్లు దాన్ని చదివి, ఇంట్లో పిల్లలకు తిండి పెట్టరు కాబోలనుకొని, కంగారుగా లోపలికి వచ్చేవారు. లక్ష్మీకాంత్ వాళ్లను కూర్చోబెట్టి సంగతంతా మొదటి నుంచి చెప్పేవాడు. వినిపించడానికి మనుషులు అలా వాళ్లంతట వాళ్లే వస్తుంటే బోర్డు మార్చే అవసరం ఆయనకు కనబడలేదు.

ఎనభై ఏడులో వరంగల్‌లో చేపల సంఘాల వాళ్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. జిలేబి పిల్లలను ఏరే పద్ధతి చెప్పమని లక్ష్మీకాంత్‌ను పిలిచారు. ఆయన వెంట పోశమ్మ, శశికళ కూడా వెళ్లారు. లక్ష్మీకాంత్ అరగంట మాట్లాడాడు. నలభై చేపలు తెచ్చిన కథ, గంప బోర్లించిన కథ, కుర్చీ కథ. హాలంతా పొట్టలు పట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక, "నాకు తెలిసింది గింతే. ఎట్ల చెయ్యగూడదో సెప్పిన. ఎట్ల చెయ్యాల్నో ఈమె సెప్తది" అని పక్కకు జరిగాడు.

పోశమ్మ బల్ల ముందు నిలబడలేదు. కింద కూర్చుని, చేపల బేసిన్ దగ్గరికి లాక్కొని, కొంగు నడుముకు దోపుకొంది. ముందు వరుసలోని ఆడవాళ్లను పిలిచింది. వాళ్లు వచ్చి చుట్టూ చేరారు. వెనకవాళ్లు బెంచీలెక్కి చూశారు. ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒకామె చేతిలో చేపను పెట్టి, "ఏందో సెప్పు" అంది. ఆమె మగదంది. పోశమ్మ తల అడ్డంగా ఊపి, శశికళ చేతి నీలిమందు చుక్క రాసి చూపించింది. రెండోది ఇచ్చింది. ఆమె ఈసారి వెలుతురుకు పట్టుకొని, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఆడది."

"ఔ" అంది పోశమ్మ. మూడోదాని కోసం బేసిన్‌లో చెయ్యి పెట్టి, నీళ్లు వెచ్చబడ్డాయని ముఖం చిట్లించి, తలెత్తకుండానే, "పటేలా, నీళ్లు" అంది.

లక్ష్మీకాంత్ బకెట్ పట్టుకొని పంపు వైపు నడిచాడు.